పొగమంచులో మోడు చెట్టును ఫోటో తీయడం ఎలా?

మన దగ్గర ఈ ఫోటోకు అడ్డుపడేది కెమెరా కాదు, క్యాలెండరు. పొగమంచు చిక్కగా పట్టేది డిసెంబరు, జనవరి నెలల్లో. అడవి పూర్తిగా ఆకు రాల్చేది ఫిబ్రవరి చివర, మార్చిలో. మంచు ఉన్నప్పుడు చెట్టు పచ్చగా ఉంటుంది. చెట్టు మోడయ్యేసరికి ఎండ ముదురుతుంది. రెండూ ఒకచోట దొరికేది సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా మొదలై ఫిబ్రవరి మొదటి పక్షం దాకా. అదీ తొందరగా ఆకు దులిపే కొన్ని చెట్ల దగ్గరే. లంబసింగి వెళ్లి వచ్చినవాళ్ల ఫోన్లలో మంచు ఫోటోలు కుప్పలుగా ఉంటాయి, మోడు చెట్టు ఒక్కటీ కనిపించదు. కారణం ఇదే. అందుకని ఈ పనిలో సగం కెమెరా సంచి తెరవకముందే అయిపోవాలి.

చెట్టును ఎండలో వెతకండి

పొగమంచు పడిన పొద్దున చెట్టు కోసం తిరిగితే కాళ్లకు బురద తప్ప ఏమీ దొరకదు. ముందురోజు, కుదిరితే ముందువారం, మధ్యాహ్నం పూట తిరిగి చెట్టును ఎంచుకోండి.

నా ఓటు బూరుగుకే. డిసెంబరు, జనవరిలోనే ఆకంతా దులిపేస్తుంది. నిటారుగా లేచే మాను, దాని చుట్టూ అంతస్తులు అంతస్తులుగా అడ్డంగా చాచిన కొమ్మలు. తెల్లటి వెలుగు ముందు ఆ తీరును ఎంత దూరం నుంచైనా పోల్చుకోవచ్చు. ఫిబ్రవరిలో ఆకు లేకుండానే ఎర్రగా పూస్తుంది. ఆ పూట మంచు కూడా ఉంటే బూడిద రంగు మీద ఎర్ర చుక్కలు, వాటి మీద తేనె కోసం వాలే గోరింకలు, కాకులు. అలాంటి రోజు దొరికితే మిగతా చెట్లన్నీ వదిలేసి అక్కడే ఉండిపోండి.

దిరిసెన ఆకు రాల్చినా కాయను వదలదు. జానెడు పొడవున్న పలుచటి ఎండుకాయలు కొమ్మల నిండా వేలాడుతుంటాయి. దగ్గర నుంచి తీస్తే అవి అందం. దూరం నుంచి తీస్తే కొమ్మల గీతలను చెడగొడతాయి. టేకు కూడా జనవరికల్లా చాలాచోట్ల ఆకు వదిలేస్తుంది. ఒంటరి టేకు చెట్టులో పెద్దగా చూడటానికి ఏమీ ఉండదు, మందగా ఉన్న టేకు మానులనే మంచులో చూడాలి. ఉట్నూరు వైపు రోడ్డు పక్కనే కనిపించే టేకు అడవి ఇందుకు బాగా పనికొస్తుంది.

తపసి చెట్టుది వేరే కథ. గిరిజనులు జిగురు తీసే ఈ చెట్టు బెరడు తెల్లగా, కాగితంలా పొరలు లేస్తూ ఉంటుంది. పగటిపూట చూసి ముచ్చటపడి, పొద్దున్నే మంచులో వెళితే తెల్లటి దానిలో తెల్లటిది కలిసిపోయి చెట్టే కనిపించదు. దాని వెనక చీకటిగా కొండవాలు ఉన్న చోటు చూసుకోవాలి, లేదా సూర్యోదయానికి ముందు నీలి వెలుగులోనే పని ముగించాలి.

అడవి దాకా వెళ్లలేనివాళ్లకు దేవగన్నేరు ఉంది. గుడి ఆవరణలో, శ్మశానం పక్కన, పాత బంగళాల ముందు కనిపిస్తుంది. చలికాలంలో ఆకు రాల్చి మొద్దు కొమ్మలతో నిలబడుతుంది. కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో జనవరి మంచు ఏమీ తక్కువ కాదు కాబట్టి ఊరు దాటకుండానే పని అయిపోతుంది. వేప, రావి మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అవి ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి వెంటనే చిగురు తొడుగుతాయి. అరకు, లంబసింగి కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్‌లు చలికాలంలోనూ ఆకుతోనే ఉంటాయి. వాటిని తీయాలనుకుంటే పైభాగం వదిలేసి నిలువు మానుల వరకే ఫ్రేము కట్టండి.

చెట్టు నచ్చాక దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. ఏ వైపు నుంచి కొమ్మలు విడివిడిగా కనిపిస్తున్నాయో, ఏ వైపు నుంచి ఒకదాని మీద ఒకటి పడి చిక్కుముడిలా ఉన్నాయో చూడండి. బదనిక (చెట్టు మీదే పెరిగే పరాన్నజీవి మొక్క) పట్టిందేమో గమనించండి. ఆకు రాల్చిన చెట్టు మీద కూడా బదనిక పచ్చగానే ఉంటుంది, మంచులో అది నల్లటి ముద్దగా మారి కంటికి అడ్డం పడుతుంది. మీరు నిలబడిన చోటును ఫోను మ్యాపులో గుర్తుపెట్టుకోండి, చీకట్లో తిరిగి రావాల్సింది అక్కడికే.

సూర్యుడు ఎటు పొడుస్తాడో కూడా అప్పుడే చూసుకోవాలి. జనవరిలో మన ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పున పొడవడు, దాదాపు 20 డిగ్రీలు ఆగ్నేయం వైపు జరిగి ఉంటాడు. తూర్పు ముఖం చూసుకుని నిలబడితే వెలుగు పక్క నుంచి వస్తుంది.

రాత్రే పసిగట్టండి

మన దగ్గర చలికాలంలో పడే పొగమంచు ఎక్కువగా నేల చల్లబడటం వల్ల పుడుతుంది. రాత్రి ఆకాశంలో మబ్బు లేకపోతే నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, అందులోని తేమ సన్నటి నీటి బిందువులవుతుంది. కాబట్టి కావలసినవి మూడు: నిర్మలమైన ఆకాశం, కదలని గాలి, నేలలో తేమ. మబ్బు పట్టిన రాత్రి దుప్పటి కప్పినట్టు నేల వేడి నిలిచిపోతుంది, మంచు పడదు. గాలి వీస్తే పైనున్న పొడి గాలి వచ్చి కలిసి చెదరగొడుతుంది.

రాత్రి 10 గంటలకు వాతావరణ యాప్ తెరిచి ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ రెండూ చూడండి. డ్యూ పాయింట్ అంటే గాలిలో తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. తెల్లవారుజాము అంచనాలో ఈ రెండు అంకెల మధ్య తేడా 2 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉండి, గాలి వేగం గంటకు 8 కిలోమీటర్లు దాటకపోతే అలారం పెట్టుకోండి. రెండు రోజుల కిందట వాన పడి, ఇప్పుడు ఆకాశం తేటపడి ఉంటే ఇంకా నమ్మకంగా పెట్టుకోండి.

చల్లటి గాలి బరువైనది, పల్లానికి దిగుతుంది. అందుకే ఊరంతా తేటగా ఉన్న రోజున కూడా వాగు ఒడ్డున, చెరువు కట్ట దిగువన, దాళ్వాకు (రెండో పంట వరికి) నీళ్లు పెట్టిన పొలాల మీద మంచు పేరుకుని ఉంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్నా, చుట్టూ కొండలు, మధ్యలో పల్లపు నేల కావడం మంచుకు కలిసొచ్చింది. పాడేరు దగ్గరి వంజంగిలో అయితే మీరు మంచుకు పైన నిలబడతారు. కింద తెల్లటి సముద్రం కనిపిస్తుంది, బాగానే ఉంటుంది. కానీ మనకు కావలసింది మంచు లోపల ఉండటం.

దారి

విశాఖ వైపు జనవరి మధ్యలో సూర్యోదయం దాదాపు 6:30కి, హైదరాబాద్, ఆదిలాబాద్ వైపు 6:50 ప్రాంతంలో. చెట్టు దగ్గర 45 నిమిషాల ముందే ఉండాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే ఘాట్ లాంటి దారుల్లో ఆ చీకట్లో, ఆ మంచులో తొందర పనికిరాదు. హెడ్‌లైట్లు డిమ్‌లోనే ఉంచండి. హై బీమ్ వేస్తే వెలుగంతా మంచు బిందువుల మీద పడి తిరిగి మీ కళ్లలోనే కొడుతుంది. రోడ్డు మీద స్టాండు పాతి ఫోటో తీసేవాళ్లను చూస్తుంటాను. ఎదురుగా వచ్చే లారీకి మీరు కనిపించేది బ్రేకు వేసినా ఆగలేని దూరంలో. బండిని రోడ్డు దిగి ఆపండి, మీరూ రోడ్డు దిగండి.

అభయారణ్యాల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు. తెల్లవారుజామున ఎలుగుబంట్లు తిరిగే చోట్లు కూడా ఉన్నాయి, స్థానికులను అడిగితే చెబుతారు. పొలంలో చెట్టయితే రైతును ముందురోజే అడిగిపెట్టుకోండి. చీకట్లో టార్చి వేసుకుని తన చేలో తిరుగుతున్నవాడిని చూసి ఆయన ఏమనుకుంటాడో ఊహించుకోండి.

అసలు సంగతి: దూరం

పొగమంచు ఫోటోకు లెన్సు, కెమెరా, సెట్టింగులు అన్నీ రెండో వరస. చెట్టు ఎంత నల్లగా, ఎంత పలచగా పడాలో నిర్ణయించేది మీకూ చెట్టుకూ మధ్య ఉన్న గాలి. అంటే మీ కాళ్లు. నాలుగు అడుగులు ముందుకు వేస్తే చెట్టు ముదురుతుంది, వెనక్కి వస్తే కరిగిపోతుంది. తర్వాత కంప్యూటరులో ఎంత తంటాలు పడినా ఈ తేడా సరిగ్గా రాదు.

దీనికి ఒక లెక్క ఉంది. 1924లో జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త కోష్‌మీడర్ చూపు ఆనే దూరానికి, గాలిలోని మసకకు ఉన్న సంబంధాన్ని సూత్రంగా రాశాడు. నల్లటి వస్తువుకూ వెనకనున్న తెల్లదనానికీ మధ్య తేడా 2 శాతానికి పడిపోయే దూరాన్ని చూపు ఆనే దూరంగా తీసుకున్నాడు. ఆ లెక్కన చూపు ఆనే దూరంలో పావు వంతు దగ్గర ఉన్న చెట్టుకు దాదాపు 38 శాతం తేడా మిగులుతుంది. సగం దూరంలో 14 శాతమే. ముప్పావు దూరంలో 5 శాతం. అంటే తేడా మెల్లగా కాదు, దబదబా పడిపోతుంది. ముఖ్యమైన చెట్టును పావు వంతు దగ్గర, దానికి తోడుగా వెనక నిలిచే చెట్లను సగం నుంచి ముప్పావు మధ్య ఉంచితే ఫోటోలో లోతు దానంతట అదే వస్తుంది.

ఇదంతా కొలవడానికి పరికరం అక్కర్లేదు. ఊళ్లలో కరెంటు స్తంభాలకు మధ్య దూరం సాధారణంగా 40 నుంచి 60 మీటర్లు ఉంటుంది. రోడ్డు పక్కన నిలబడి ఎన్నో స్తంభం దగ్గర చూపు ఆగిపోతోందో లెక్కపెట్టండి. నాలుగో స్తంభం మాయమైతే చూపు దాదాపు 200 మీటర్లు. అంటే మీ చెట్టు ఒక స్తంభం దూరంలో ఉండాలి. భారత వాతావరణ శాఖ లెక్కలో చూపు 200 మీటర్లకు తగ్గితే దట్టమైన మంచు, 50 మీటర్లకూ తగ్గితే అతి దట్టమైనది. రెండో రకం రోజున చెట్టు నుంచి పది, పన్నెండు మీటర్లలో నిలబడాలి కాబట్టి పూర్తి చెట్టును తీయడం కష్టం, కొమ్మలకు పరిమితం కండి.

లెన్సు కూడా ఈ దూరాన్ని బట్టే. పొగమంచుకు టెలిఫోటో (దూరాన్ని దగ్గర చేసి చూపే లెన్సు) వాడాలని ఎక్కడ చూసినా రాస్తారు. పలచటి మంచు రోజున అది నిజం. చూపు 800 మీటర్లు ఉంటే చెట్టు 200 మీటర్ల అవతల, 200 ఎంఎం లెన్సు సరిగ్గా సరిపోతుంది. చిక్కటి మంచులో ఆ సలహా పనికిరాదు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సారు) కెమెరాకు 50 ఎంఎం లెన్సు తగిలించి అడ్డంగా పట్టుకుంటే, 50 మీటర్ల దూరంలో 24 మీటర్ల ఎత్తు ఫ్రేములో పడుతుంది. 15 మీటర్ల బూరుగుకు చుట్టూ ఊపిరి పీల్చుకునే చోటు మిగులుతుంది. చిన్న సెన్సారు కెమెరాల్లో ఇదే పని 35 ఎంఎం చేస్తుంది.

కెమెరా అమరిక

స్టాండు తప్పనిసరి. పొగమంచు పడిందంటేనే గాలి లేదని అర్థం, కొమ్మలు కదలవు, కాబట్టి షట్టరు ఎంత నెమ్మదిగా ఉన్నా భయం లేదు. సూర్యోదయానికి పావుగంట ముందు ఎఫ్/8 (లెన్సు రంధ్రం కొలత), ఐఎస్ఓ 400 (వెలుగును పట్టే సున్నితత్వం) దగ్గర మొదలుపెడితే షట్టరు పావు సెకను ప్రాంతంలో ఉంటుంది. సూర్యుడు పొడిచాక అదే అమరికలో 1/60, 1/125కు వస్తుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టండి, వేలు తగిలి కెమెరా అదరకుండా. ఎఫ్/16 వైపు వెళ్లకండి, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. సెన్సారు మీద దుమ్ము ఉంటే చిన్న రంధ్రం దగ్గర అది చుక్కలుగా బయటపడుతుంది. పచ్చటి అడవి ఫోటోలో ఆ చుక్కలు దాక్కుంటాయి, నునుపైన మంచు మీద ప్రతి చుక్కా కనిపిస్తుంది.

ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుగు) దగ్గర కెమెరా మాట వినకండి. దాని మీటరు ఎదుట ఏమున్నా సగటున మధ్యస్థమైన బూడిద రంగుకు తెస్తుంది. తెల్లటి మంచును చూపిస్తే మబ్బు పట్టిన సాయంత్రంలా మారుస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ 1కి జరపండి. మాను ఫ్రేములో ఎక్కువ భాగం ఆక్రమిస్తే ప్లస్ 0.3, 0.7 చాలు. తెర మీద కనిపించే బొమ్మను నమ్మవద్దు, చీకట్లో తెర ఎప్పుడూ ఎక్కువ వెలుగుగా కనిపిస్తుంది. హిస్టోగ్రాం (చీకటిని ఎడమకు, వెలుగును కుడికి పరిచి చూపే గ్రాఫు) చూడండి: మంచుకు చెందిన గుట్ట కుడివైపు ముప్పావు దగ్గర ఉండాలి, కుడి గోడకు తగలకూడదు. తగిలితే అక్కడ మంచు లేదు, ఖాళీ కాగితం ఉంది.

ఆటోఫోకస్ మంచులో అటూ ఇటూ వెతుక్కుంటూ ఉండిపోతుంది. పట్టుకోవడానికి దానికి ఒక అంచు కావాలి. ఒకే ఫోకస్ చుక్క ఎంచుకుని మాను అంచు మీద, బెరడుకూ తెల్లదనానికీ మధ్య, పెట్టండి. పట్టుకున్న వెంటనే మాన్యువల్‌కు మార్చేయండి, ఇక అది కదలదు. ఇంకా చీకటిగా ఉంటే లైవ్ వ్యూలో (వెనక తెర మీద) మానును పెద్దది చేసి చేత్తో తిప్పడమే. వైట్ బ్యాలెన్స్ (రంగుల వెచ్చదనాన్ని, చల్లదనాన్ని నిర్ణయించే అమరిక) 5200 కెల్విన్ దగ్గర నిలిపి ఉంచండి. ఆటోలో పెడితే తెల్లవారుజాము నీలాన్ని తప్పుగా భావించి తుడిచేస్తుంది. ఫైలు రా ఫార్మాట్‌లో (కెమెరా దిద్దకుండా దాచే మూల ఫైలు) ఉండాలి, దీనికి కారణం చివర్లో వస్తుంది.

భోగి రోజున ఒక మాట. ఊరంతా వేసిన మంటల పొగ మంచుతో కలిసి నేలకు దగ్గరగా గోధుమరంగు పొరగా నిలుస్తుంది. కొందరికి ఇష్టమే. నాకు మాత్రం ఆ రంగు చెట్టును మురికిగా చూపిస్తుందనిపిస్తుంది, ఆ పూట నలుపు తెలుపే మేలు.

ఫోనుతో తీసేవాళ్లకు పెద్ద లోటేమీ లేదు. 2ఎక్స్ జూమ్ దాదాపు 50 ఎంఎం లెన్సుతో సమానం, ఈ పనికి అదే సరైన కొలత. మాను మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే నిలుస్తుంది. పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కాస్త పైకి జరపండి. దృశ్యాన్ని తానే మెరుగుపరిచే సదుపాయాన్ని, నైట్ మోడ్‌ను ఆపేయండి. మంచును లోపంగా భావించి తీసేయాలని చూసేవి అవే. 2ఎక్స్ దాటి వేళ్లతో సాగదీయకండి, సన్న కొమ్మలు పిండి పిండి అవుతాయి.

తడి

మంచులో ఉన్నంతసేపూ లెన్సు ముందు అద్దం తడుస్తుంది. హుడ్ (లెన్సు ముందు పెట్టే గొట్టం) తగిలించండి, ఫోటోకూ ఫోటోకూ మధ్య కెమెరా నేలకు వంచి ఉంచండి, మెత్తటి గుడ్డలు రెండు వేరువేరు జేబుల్లో పెట్టుకోండి. ఒకటి తడిసిపోతుంది, రెండోది తడవకుండా ఉండాలి. నోటితో ఊది తుడవడం ఇక్కడ పనిచేయదు, ఉన్న తడికి ఇంకొంత తోడవుతుంది.

అసలు ప్రమాదం తిరిగి వచ్చేటప్పుడు. చల్లబడిన కెమెరాను వెచ్చటి గదిలోకి తెస్తే లోపలి అద్దాల మీద కూడా తేమ పట్టవచ్చు. బయటే జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసి, గదిలోకి తెచ్చాక ఒక గంట తెరవకుండా ఉంచండి. తేమ సంచి పైన పడుతుంది, కెమెరా మీద కాదు. డెల్టా ఊళ్లలో ఇది తిరగబడుతుంది: రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాను బయటికి తీయగానే లెన్సు మసకబారుతుంది. అక్కడ రాత్రి సంచిని వరండాలో ఉంచడమే మందు. బ్యాటరీ చలికి తొందరగా దిగిపోతుంది, అదనపు దాన్ని లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. మీ సంగతి చెప్పనక్కర్లేదు, మంకీ క్యాప్ అందంగా ఉండదని వదిలేసినవాళ్లే తొందరగా ఇంటికి వెళ్లిపోతారు.

ఫ్రేములో ఏముండాలి

పొగమంచు మీకు చేసే పెద్ద మేలు తీసేయడం. సెల్ టవరు, వెనక వీధి, చెట్టు వెనక దూరంగా వెళ్లే కరెంటు తీగలు, అన్నీ పోతాయి. ఎండలో పనికిరాని చెట్లు కూడా ఆ పూట పనికొస్తాయి. కాబట్టి ఆ ఖాళీని మళ్లీ ఏదో ఒకదానితో నింపకండి. ముందు గడ్డి, పక్కన రాయి, మూలలో కంచె పెట్టి ఫ్రేము నిండా సరుకు సర్దే అలవాటు ఇక్కడ వదులుకోవాలి.

ఒక్క చెట్టయితే దాన్ని నడిమధ్యకన్నా కాస్త పక్కకు, కొమ్మలు ఎటు చాచి ఉన్నాయో అటు ఎక్కువ ఖాళీ వదిలి పెట్టండి. కెమెరాను మోకాలి ఎత్తుకు దించితే కొమ్మలన్నీ నేలకు, పొదలకు పైన, తేట తెల్లదనం మీద పడతాయి. రెండు మూడు చెట్లయితే అసలు పని వాటి కొమ్మల కొసలు ఒకదానికొకటి తగలకుండా చూడటం. ఒక అడుగు ఎడమకు, అర అడుగు కుడికి. స్టాండు వేయకముందే కెమెరా చేత్తో పట్టుకుని ఈ నాట్యం ముగించండి. నేల ఎంత చూపాలనేది తరచూ వచ్చే సందేహం. నా లెక్కన వేళ్లు నేలను పట్టుకున్నట్టు తెలిస్తే చాలు, ఫ్రేములో అడుగున ఆరో వంతు.

కొలత తెలియడానికి మనిషి, ఎద్దు, సైకిలు ఏదైనా పనికొస్తుంది, కానీ పిలిచి నిలబెట్టకండి. పొలానికి వెళ్లే మనిషి ఎలాగూ ఆ దారినే వస్తారు. ముందే నమస్కారం పెట్టి అడగండి, ఫోటో తీశాక చూపించండి. అన్నిటికన్నా ఓపికగా ఫోటో ఇచ్చేది పసులపోలిగాడు పిట్ట. చీలిన తోకతో మోడు కొమ్మ కొసన కూర్చుని పురుగు కోసం ఎగిరి మళ్లీ అదే కొమ్మకు వస్తుంది. అది ఎగిరిపోయిందని సామాను సర్దుకోకుండా కాసేపు ఉండండి.

చూపు బాగా తగ్గిపోయిన రోజున దూరాన్ని మరిచి కొమ్మ దగ్గరికి వెళ్లండి. రెమ్మ అడుగున నీటి బొట్లు వరసగా వేలాడుతుంటాయి. చివరి బొట్టు మిగతావాటికన్నా లావుగా, రాలడానికి సిద్ధంగా ఉంటుంది. దాని లోపలికి చూస్తే వెనకనున్న చెట్టు మొత్తం తలకిందులుగా, పిన్ను తలంత బొమ్మగా కనిపిస్తుంది. మ్యాక్రో లెన్సుతో ఆ బొమ్మ మీద ఫోకస్ పెట్టండి, బొట్టు అంచు మీద కాదు. రెండూ వేరువేరు దూరాల్లో ఉంటాయి. పైన సాలెగూడు ఉంటే ప్రతి పోగూ మంచు ముత్యాలతో బరువెక్కి సాగి ఉంటుంది, ఊపిరి తగిలితే రాలిపోతాయి కాబట్టి కాస్త వెనక నుంచే తీయండి.

సూర్యుడు పొడిచాక

చాలామంది సూర్యుడు పైకి రాగానే అయిపోయిందనుకుంటారు. నిజానికి సూర్యోదయం తర్వాత మొదటి అరగంటలో మంచు తరచూ ఇంకా చిక్కబడుతుంది. ఆ తర్వాతే వేడెక్కిన నేల దాన్ని కింద నుంచి కరిగించడం మొదలుపెడుతుంది. పలచబడే ఆ కొద్దిసేపట్లోనే కొమ్మల సందుల్లోంచి కిరణాలు గీతలుగా దిగుతాయి. అవి కనిపించాలంటే మీరు చెట్టు నీడలో నిలబడి సూర్యుణ్ణి మాను వెనక దాచాలి. సూర్యుడు కదులుతుంటాడు కాబట్టి మీరూ అంగుళం అంగుళం జరుగుతూ ఉండాలి. ఇప్పుడు ప్లస్ 1 తీసేసి సున్నాకు, అవసరమైతే మైనస్ 0.7కు రండి, లేకపోతే కిరణాలు తెల్లగా పేలిపోతాయి. మంచు అంతకన్నా పలచబడి సూర్యబింబం కంటికి గుచ్చుకోవడం మొదలైతే వ్యూఫైండరులోంచి సూర్యుణ్ణి నేరుగా చూడవద్దు.

ఇంటికొచ్చాక

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో డీహేజ్ అనే మీట ఉంటుంది. దాన్ని తాకకండి. తెల్లవారకముందే లేచి, చలిలో వణికి తెచ్చుకున్న మంచును ఒక్క వేలితో తీసేయడానికే అది ఉంది. తాకితే ఎడమవైపుకు, మైనస్ 5 దాకా. వెలుగునీడలు సరిచేసే టోన్ కర్వ్‌లో దగ్గరి మాను ఒక్కటే నలుపుకు దగ్గరగా రావాలి. వెనక చెట్లను నల్లబరిచారంటే అవి ముందుకు నడిచి వచ్చేస్తాయి, పొద్దున కాళ్లతో సంపాదించిన లోతు పోతుంది.

రా ఫైలు ఎందుకన్నానంటే, మంచు అంటేనే తెలుపు నుంచి బూడిదకు అతి మెల్లగా మారే రంగు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. ఎడిటింగ్‌లో కాస్త సాగదీయగానే ఆ మెట్లు చారలుగా కనిపిస్తాయి. చివర్లో కొంచెం గ్రెయిన్ (సన్నటి నలుసులు) కలిపితే మిగిలిన చారలు కూడా కలిసిపోతాయి. దుమ్ము చుక్కలను వంద శాతం పెద్దది చేసి ఒక మూల నుంచి మరో మూలకు వెతికి తుడవండి. పక్షిని తుడిచేయకుండా చూసుకోండి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫోటోను కుదించి ఆ చారలను మళ్లీ తెస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. ప్రింటు వేయిస్తే స్టూడియోవాళ్లు అడగకుండానే నిగనిగలాడే కాగితం తీస్తారు. మ్యాట్ కాగితం అడగండి. మంచు దాని మీద చెక్కుచెదరకుండా నిలుస్తుంది. కాకపోతే మ్యాట్ మీద ఫోటో కాస్త చీకటిగా వస్తుంది కాబట్టి, వాళ్లకు ఇచ్చే ఫైలును మీ తెర మీద కనిపించేదానికన్నా ఒక పిసరు వెలుగుగా ఉంచి, ముందు చిన్న సైజులో ఒకటి వేయించి చూసుకుని ఆ తర్వాతే పెద్దదానికి డబ్బు కట్టండి.